సైబీరియా పక్షులకే మార్కు

"దాసా, బండి తీయి! పాపకు మైగ్రేనంట! బడి నుంచి ఫోన్ చేసి ఏడుస్తాండాది!"

మా అమ్మ సంతోషమ్మ చేతిలో బామ్ డబ్బీ, చంకలో దుప్పటి. పాప అంటే నా తమ్ముడు లేవి కూతురు రెజీనా, ఎనిమిదో తరగతి. తమ్ముడూ మరదలూ సంక్రాంతి కాగానే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అదే వలస కూలికి, పోయారు. కోసిగి పక్కన మా ఊళ్లో సగం గడపలకు ఇప్పుడు తాళాలే.

బడికి పోతే రెజీనా తరగతి బయట నిలబడి ఉంది. చేతిలో నోటుబుక్కు.

"తల యాడ నొస్తాంది?" అని అమ్మ బామ్ తీసింది.

"తలకేం కాలేదవ్వా. సున్నా వచ్చింది."

ఇంగ్లీషు చెప్పే రామకృష్ణ సారు రోజూ ఐదు మాటలిస్తాడు. అర్థం రాయాలి, సొంతంగా ఒక వాక్యం రాయాలి. ఒక్కటి తప్పినా సున్నా. మూడు సున్నాలొస్తే కర్నూలులో జరిగే ఇంగ్లీషు మాటల పోటీ జాబితాలో పేరు కొట్టేస్తాడు. ఇది మూడోది. ఆ పోటీ కోసం ఈ పిల్ల జూన్ నుంచి జొన్నల డబ్బా మూత మీద కూడా మాటలు అంటించుకుని చదువుతోంది.

నోటుబుక్కు చూశాను. మాట: మైగ్రేట్. అర్థం: కాలాన్ని బట్టి ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోవడం. వాక్యం: మా అమ్మానాయనా ఏటా మిరపకాయలు కోయడానికి మైగ్రేట్ అవుతారు. దాని మీద ఎర్రగీత.

నాకు ఒళ్లు మండింది. లోపలికి పోయాను.

"ఏం తప్పుండాది సార్?"

"గైడులో సైబీరియా పక్షులని ఉందండీ. అదే కరెక్టు."

"సొంత వాక్యమని మీరే చెప్తిరి! పక్షులకు మార్కు, మనుషులకు సున్నానా? ఇది పక్షపాతం కాదు సార్, పక్షిపాతం!"

పిల్లలు కిసుక్కుమన్నారు. సారు మొహం చిట్లించాడు. "రూలు రూలే."

రెజీనా తరగతి లీడరు. లోపలికొచ్చి, బల్ల మీది హాజరు పట్టీ తెరిచి ఆయన ముందు పెట్టింది. పదిహేడు పేర్ల ఎదురుగా ఆయన చేతిరాతే, అదే ఎర్రసిరా: మైగ్రేటెడ్, మైగ్రేటెడ్, మైగ్రేటెడ్.

"ఈ పదిహేడు మంది ఏ చెట్టు మీది పక్షులు సార్?" అన్నాను.

సారు ఖాళీ బెంచీల వైపు చూశాడు. తర్వాత పెన్ను తీసి సున్నా కొట్టేసి, పక్కన మార్కు వేశాడు. జాబితాలో రెజీనా పేరు నిలిచింది.

"ఇంతకీ ఆ మైగ్రేను తగ్గిందా లేదా?" గుమ్మంలోంచి మా అమ్మ గట్టిగా అడిగింది.

తరగతంతా గొల్లున నవ్వింది. రెజీనా అందరికీ వినబడేటట్టు చెప్పింది: "మైగ్రేను కాదవ్వా, మైగ్రేటు. మైగ్రేనంటే తలనొప్పి. మైగ్రేటంటే సుగ్గికి పోవడం."

"ఓసి, సుగ్గేనా!" అంది అమ్మ. "నలభై ఏండ్లు నేనూ పోయినా. దానికి ఇంగ్లీషులో పేరుండాదని ఒక్కరన్నా చెప్పల్యా." బామ్ డబ్బీ తీసుకుపోయి సారు బల్ల మీద పెట్టింది. "ఉంచుకో నాయనా. మావోడు శానా అరిచినాడు."