కనకమ్మ గద్దె ఎక్కిన పూట

పొద్దున పప్పు ఎనుపుతుంటే నెత్తి మీద చిటచిటమంది. కనకమ్మ తల ఎత్తలేదు, గిన్నె మాత్రం పక్కకు జరిపింది. వంటింటి కప్పుకు బిగించిన పాత లైటు హోల్డరు నిప్పురవ్వలు రాల్చడం, ఆమె గిన్నె జరుపుకోవడం ఎండాకాలం నుంచీ నడుస్తున్న ముచ్చటే. చెప్పగా చెప్పగా ఒకరోజు కొడుకు సాయితేజ స్టూలెక్కాడు. కరెంటు లేదు కదా అని ధీమాగా విప్పుతుంటే సరిగ్గా అప్పుడే వచ్చింది. విసిరికొట్టినట్టు కింద పడ్డాడు. దెబ్బలు మానాయి గానీ హోల్డరు ఒక్క స్క్రూ మీద వేలాడుతూ మిగిలిపోయింది. "తెలంగాణ రానియ్యే, ఇల్లంత కొత్త లైట్లు పెట్టిస్త," అన్నాడు భర్త రాజయ్య. రాష్ట్రం రావాలని కనకమ్మకూ ఉంది. అంతదాకా తన నెత్తి ఏం కావాలో మాత్రం ఏ మీటింగులోనూ ఎవరూ చెప్పలేదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. భూపాలపల్లిలో బొగ్గు బావులు ఆగిపోయాయి, వీళ్లుండే జనగామలో కరెంటు తనకిష్టమైనప్పుడు వచ్చిపోతోంది. ఆ రోజు వంటావార్పు వర్తకుల వంతు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండాలి. ఇంట్లో ఏనాడూ పొయ్యి మొఖం చూడని రాజయ్య, కొడుకును వెంటబెట్టుకుని పెద్ద గరిటె భుజాన వేసుకుని పోయాడు. కూరగాయలు తరిగింది, మసాలా నూరింది, పోపు సామాను మూటకట్టింది అత్తాకోడళ్లు. ఫోటోలో పడేది గరిటె పట్టుకున్నవాళ్లు.

మగవాళ్లు అటు పోయారో లేదో కరెంటు పోయింది. కోడలు సంధ్య పెళ్లి పెట్టె అడుగు నుంచి స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు తీసింది. మహబూబాబాద్ పిల్ల, ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. పెళ్లిచూపుల్లో ఆ చదువును మెచ్చుకున్నవాళ్లే, పెళ్లయ్యాక "ఆడపిల్లకు కరెంటు పనెందుకు" అన్నారు.

"కరెంటు లేదు గద బిడ్డా, జల్ది మార్చెయ్," అంది కనకమ్మ.

"లేనప్పుడే భయం అత్తమ్మా. ఎప్పుడొస్తదో ఎవలకెరుక? మెయిన్ దించి ఫ్యూజు పీకాలె. ఎవ్వలు మల్ల పెట్టకుండ, పీకిన ఫ్యూజు మీరు చేతుల పట్టుకొని ఆడనే కూసోవాలె."

కనకమ్మ దుకాణం వైపు చూసింది. మీటరు బోర్డు ఇంటి ముందరి బట్టల దుకాణంలో, రాజయ్య కూర్చునే గద్దె పైన గోడకుంది. గద్దె ఎక్కితే తప్ప అందదు. అది లక్ష్మీదేవి స్థానమని, ఆడవాళ్లు కాలు పెట్టకూడదని ఆ ఇంటి ఆచారం. కాపురానికి వచ్చిన కొత్తలో గల్లాపెట్టె తుడుస్తూ మోకాలు ఆనిస్తే, "మైల చేసినవు," అని అత్త నలుగురిలో తిట్టి గద్దె మొత్తం కడిగించింది. దాని మీది తెల్లగుడ్డ వారం వారం ఉతికి గంజి పెట్టేది మాత్రం కనకమ్మే. తన చేతులకు లేని మైల కాళ్లకు ఎక్కడిదని అప్పుడడగలేదు. ఇప్పుడు నిచ్చెన వేసుకుంటున్న పిల్లను చూసింది. తను ఇన్నాళ్లూ గిన్నె జరుపుకుని ఊరుకుంది, ఈ పిల్ల ఊరుకోలేదు. ఆ పిల్లను చూస్తే ఎంతో గర్వంగా అనిపించింది. పోయి గద్దె ఎక్కింది.

చెప్పినట్టే మెయిన్ దించింది, ఫ్యూజు పీకింది, పిడికిట్లో పట్టుకుని గద్దె మీదే కూర్చుంది. నడిమింటి తలుపులోంచి వంటిల్లు కనబడుతోంది. సంధ్య కాళ్లకు రబ్బరు చెప్పులు. పాత హోల్డరు విప్పింది, మాడిన వైరు కొసలు కత్తిరించింది, కొత్త హోల్డరు బిగించి ఒక్కో వైరునూ లాగి చూస్తోంది. తొందర లేదు, హడావుడి లేదు. సాయితేజ స్టూలెక్కిన రోజు ఒకరు స్టూలు, ఒకరు టార్చి పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఎంత ముద్దుగా చేస్తోంది పని, అనుకుంది కనకమ్మ. ఇంత విద్య పెట్టుకుని ఇన్నాళ్లూ రొట్టెలు చేసింది కదా అని బాధా వేసింది.

ఉన్నట్టుండి పక్కింటి టీవీ గొంతెత్తింది. కరెంటు వచ్చేసింది. సంధ్య రెండు చేతులూ వైర్ల మీదే ఉన్నాయి! పిల్లకు ఏమీ కాలేదు. ఫ్యూజున్న పిడికిలిని కనకమ్మ ఇంకా గట్టిగా బిగించింది.

సగం ఎత్తిన షట్టరు కింద నుంచి రాజయ్య వంగి వచ్చాడు. "ఉప్పు మర్చినవేందే? అందరిండ్లల్ల కరెంటొచ్చె, మనకేంది..." అంటూ తలెత్తి, గద్దె మీద కూర్చున్న భార్యను చూశాడు.

"ఏందే గిది! దిగు. లక్ష్మి పోతది ఇంట్లకెల్లి. గా ఫ్యూజు ఇటియ్యి, పెడ్త," అని చెయ్యి చాపాడు.

నిచ్చెన మీద సంధ్య కదలకుండా నిలబడిపోయింది. ఆ చెయ్యి అడిగింది ఇవ్వకుండా ఉన్న జ్ఞాపకం కనకమ్మకు లేదు. అయినా లేవలేదు.

"కోడలు వైర్లు పట్టుకొని నిచ్చెన మీదున్నది. ఆమె దిగినంక నేనే పెడ్త. లక్ష్మి పోతే దుకాణం నడిపి మల్ల తెచ్చుకుంటరు. గా పిల్ల పోతే ఏడికెల్లి తెస్తరు?"

రాజయ్య చాపిన చెయ్యి అట్లాగే ఉంది. కనకమ్మ లోపలికి కేకేసింది. "నువ్వు నిమ్మళంగ చేస్కో బిడ్డా, నేనున్న."

తర్వాత భర్త వైపు తిరిగింది.

"ఉప్పు వంటింట్లనే ఉంటది, ఎతుక్కోండి. నిచ్చెనకు తగలకుండ పోండి."