వేసినవాడే ఆపాలి

యాభై రూపాయల బ్యాలెన్సు మూడు రోజుల్లో మాయమైతే మీరూ నేనూ ఏం చేస్తాం? కంపెనీవాణ్ణి నాలుగు తిట్టి మళ్ళీ వేయించుకుంటాం. నరసింగరావు తిట్టలేదు. భయపడ్డాడు.

ఆయన భిలాయి ఉక్కు కర్మాగారంలో ముప్ఫై నాలుగేళ్ళు ఎలక్ట్రీషియనుగా చేసి, రిటైరయ్యాక ఆ ఊళ్ళోనే కోహ్కాలో ఇల్లు కట్టుకున్న మనిషి. చేతిలో ఉన్నది కొడుకు యుగంధర్ వాడి వదిలేసిన ఫోను. ప్యాకులూ గీకులూ నాకొద్దన్నాడు. మాట్లాడినంతకే డబ్బులు పోయే పాత పద్ధతి చాలన్నాడు. యాభై వేయిస్తే నెల గడిచేది. అలాంటిది, ఈ నెలలో ఇది నాలుగోసారి.

"నాకు తెలీకుండా ఎవర్తితో మాట్లాడతన్నారేటి?" అని భార్య లక్ష్మీకుమారి పకపకా నవ్వింది. ఆవిడ సరదా ఆవిడది. ఆయనకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే మరోదా కాలనీలో ఉండే స్నేహితుడు శంకరరావుకూ ఇలాగే మొదలైంది. ముందు ఫోన్లు చేసి మరిచిపోయేవాడు, చేసినవాళ్ళకే మళ్ళీ చేసేవాడు. ఒకరోజు పాలకని బయల్దేరి పక్క ఊరు ఉతై బస్టాండులో తేలాడు. ఇప్పుడు ఇంట్లోవాళ్ళు అతన్ని గుమ్మం దాటనివ్వడం లేదు. తనూ అలాగే ఎవరెవరికో ఫోన్లు చేసి మరిచిపోతున్నాడా? అదే నిజమైతే మనవరాలు అమ్మును స్కూటరు మీద బడికి తిప్పేదెలా? రెండో తరగతి పిల్ల. వెనకాల కూచుని తాతయ్య నడుం పట్టుకుని దారంతా హిందీలో వాగుతూనే ఉంటుంది. ఆ పిల్ల కబుర్ల కోసమే ఆయనకు తెల్లవారుతుంది.

ఎవరికీ చెప్పకుండా, ప్లాంటులో లాగ్‌బుక్ రాసినట్టు, చేసిన ప్రతి ఫోనూ ఓ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. బుధవారం రెండే ఫోన్లు. సాయంత్రానికి బ్యాలెన్సు సున్నా. ఫోనులో లిస్టు చూస్తే అక్కడా రెండే ఉన్నాయి. మిగతావి చేసి తుడిచేశాననుకుందామా అంటే, తుడవడం ఎలాగో ఆయనకు రాదే! ఇదేం గోలరా భగవంతుడా అని తల పట్టుకున్నాడు.

తెర కిందికి లాగినప్పుడల్లా ఓ నీలం గుర్తు వెలుగుతూ కనబడేది. చూశాడు గాని ముట్టుకోలేదు. ప్లాంటులో స్విచ్చి ఆపినవాడు తన పేరుతో చీటీ కడతాడు. వాడొచ్చి విప్పేదాకా ఇంకొకడు చెయ్యి పెట్టకూడదు. పెడితే లైను మీద ఉన్నవాడి ప్రాణం పోతుంది. ఆ భయం ఆయన ఒంట్లో జీర్ణించుకుపోయింది. ఇది యుగంధర్ వేసి ఉంటాడు, వాడే చూసుకుంటాడు అనుకున్నాడు. వాణ్ణి అడగలేదు. అడిగితే మిగతా భయమంతా బయటపెట్టాలి మరి!

మర్నాడు బడి వదలడానికి ఇరవై నిమిషాలుందనగా జెన్నీ రీచార్జి కొట్టు ముందు స్కూటరు ఆపాడు. జెన్నీ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళ నాన్న ప్రభుదాసు కూడా ప్లాంటు మనిషే.

"ఎంత ఏసినా అయిపోతన్నాదమ్మా. నేనెవులికీ చెయ్యట్లేదు. చెయ్యట్లేదనే అనుకుంటన్నాను."

జెన్నీ ఫోను తీసుకుని, తెర కిందికి లాగి ఆ నీలం గుర్తు చూపించింది. "అరే అంకుల్, నెట్ చాలూ ఉంది కదా! ప్యాక్ లేకుండా నెట్ నడిస్తే బ్యాలెన్సే కట్ అయిపోతుంది. మీరు ముట్టుకోకపోయినా అది నడుస్తూనే ఉంటుంది."

నరసింగరావుకు ప్రాణం లేచొచ్చింది. "అయితే నా బుర్రకేటీ కాలేదన్నమాట!" అని గట్టిగా నవ్వేశాడు. జెన్నీ యాభై వేసి, "బంద్ చేసెయ్యనా?" అంది.

"ఉండుండు. అది మావోడు ఏసింది. ఏసినోడే ఆపాల. ప్లాంటు రూలమ్మా అది."

"భయ్యా ఎక్కడ వేశారు అంకుల్? మీరే కదా వేశారు. పోయిన నెల, ఈ స్టూల్ మీదే కూచుని. అమ్ము డ్యాన్స్ వీడియో టీచరమ్మ పంపింది, చూడాలి అన్నారు. నేను వేస్తానంటే వద్దు, నేనే నేర్చుకుంటా అని మూడుసార్లు ఆపి, వేసి చూపించారు. వీడియో చూసి ఏడ్చేశారు కూడా. యాద్ లేదా?"

ఆయన స్టూలు కేసి చూశాడు. ఏ డ్యాన్సు? అమ్ము ఎప్పుడు ఆడింది? ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. పిల్ల వేసుకున్న గౌను రంగైనా గుర్తుకు రాలేదు.

"ఆపెయ్యమ్మా," అన్నాడు.

గడియారం చూశాడు. ఇంకా పది నిమిషాలుంది. బడికి దారి తెలుసు. కళ్ళు మూసుకుని ఒక్కో మలుపూ తలుచుకున్నాడు. అన్నీ వచ్చాయి. మరోసారి మొదటినుంచీ తలుచుకున్నాడు. అప్పుడూ వచ్చాయి. అయినా స్కూటరు ఎక్కలేదు. ఇంటికి ఫోను చేశాడు.

"లక్ష్మీ, అమ్మును ఈరోజు నువ్వెళ్ళి తీసుకొచ్చెయ్. ఆటో మాట్లాడుకో."

"అయ్యో, ఏటండీ? బండి పాడైపోనాదేటి?"

"లేదే," అన్నాడు నరసింగరావు. "బండి బాగానే ఉన్నాది."