కుదిరిన ధ్యానం

నెమ్మదమ్మ అసలు పేరు కాదు. వెల్‌నెస్ సెంటర్లో తోటివాళ్లు పెట్టింది. లిఫ్టు ఆగినా, నూనె సీసా పగిలినా, గంట ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషి ఎదురు దబాయించినా ఆమె గొంతు లేవదు. మెడలు పట్టేసినవాళ్లకు మర్దన చేయడం, నిద్ర పట్టనివాళ్లకు ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పడం, చివర్లో అందరినీ ధ్యానంలో కూర్చోబెట్టడం ఆమె పని. ఏ మనిషిని ముట్టుకోవాలన్నా ముందు తువాళ్లు ఆరేసే గదిలోకి వెళ్లి పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటుంది. చేతులు ఖాళీ చేసుకోవడం అంటుంది దాన్ని. ఒకరి బరువు తీసుకెళ్లి ఇంకొకరి మీద పెట్టకూడదట. పద్నాలుగేళ్లుగా ఆ నియమం తప్పలేదు.

తప్పలేదంటే, కూర్చోవడం తప్పలేదు. నాలుగు నెలలుగా కళ్లు మూస్తే డాక్టర్ ముఖమే కనబడుతోంది. పది నిమిషాలూ గడియారం చప్పుడు విని లేచి, బయటికొచ్చి, "మనసు వదులు చేయండి" అని వచ్చినవాళ్లకు చెబుతోంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది ఆమె పని. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

జరిగింది ఇది. ఆమె అక్క దర్జీ. పొద్దస్తమానం మిషను ముందు వంగి కూర్చునే మనిషి. ఏడాది కిందట కడుపులో, వెన్నులోకి పాకే నొప్పి మొదలైంది. బావ బస్సు డ్రైవరు, సెలవు పెట్టి హాస్పిటల్‌కు తీసుకెళ్తానన్నాడు.

"ఎందుకు బావా, స్కానింగులని భయపెట్టి పంపిస్తారు. వంగి వంగి పట్టేసింది, అంతే. నెల రోజులు నాకు వదిలెయ్" అంది నెమ్మదమ్మ.

నొప్పితో పోట్లాడొద్దని, పక్కింటి గొడవను కిటికీలోంచి చూసినట్టు చూడమని నేర్పింది. మిగతావాళ్లకు ఏళ్లు పట్టేది అక్కకు మూడు వారాల్లో పట్టుబడింది. సూది మీద అంత సేపు చూపు నిలిపే మనిషి కదా! పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు కూర్చునేది. నొప్పి వచ్చేది, అక్క చూసేది, అది పక్కకు తప్పుకునేది. "నా చెల్లి నాకు పెద్ద ఆస్తి ఇచ్చింది" అని జాకెట్లు కుట్టించుకునేవాళ్లందరికీ చెప్పుకుంది. చెల్లికి ఒళ్లు పొంగిపోయింది. అబద్ధమెందుకు, ఆ పొంగులో నెల కాస్తా ఎనిమిది నెలలైంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు అక్కాచెల్లెళ్లు.

కళ్లు పచ్చబడ్డాక హాస్పిటల్‌కు వెళ్లారు. "ఇన్నాళ్లూ నొప్పి లేదా?" అని అడిగాడు డాక్టర్.

"వచ్చేదండీ. చూస్తూ కూర్చుంటే పోయేది" అంది అక్క గర్వంగా.

డాక్టర్ ఆమెను స్కానింగుకు పంపాడు. తర్వాత నెమ్మదమ్మను వరండాలోకి పిలిచి, మొదటి రెండు మూడు నెలల్లో వచ్చుంటే గడ్డ తీసేసేవాళ్లమని, ఇప్పుడు చేయగలిగేది లేదని చెప్పాడు.

అక్కకు సగం సంగతే చెప్పారు, రోగం పెద్దదని. ఆమె పెద్దగా బెదరలేదు. వెనక దిండ్లు పెట్టించుకుని అలాగే కూర్చునేది. ఆ ఇరవై నిమిషాల్లో ముఖం తేటపడేది. మాత్రలు సగం అవసరం పడక డబ్బాలోనే ఉండేవి. నెమ్మదమ్మ అది చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేది.

చివరికి తనకు ధ్యానం నేర్పిన గురువు దగ్గరికి వెళ్లింది. ఎనభై దాటిన మనిషి, ఎండలో కుర్చీ వేసుకుని గోళ్లు తీసుకుంటున్నాడు. అంతా విన్నాడు.

"మనసులో మూట పెట్టుకుని కూర్చుంటే మూటే కూర్చుంటుందమ్మా. ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పెయ్. అప్పుడు లోపలికి దారి దొరుకుతుంది."

విన్నవాళ్లకు ఏ దారి దొరుకుతుందో ఆయన చెప్పలేదు. ఈమె అడగనూ లేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్క మంచం పక్కన కూర్చుని చెప్పేసింది.

"అక్కా, అప్పుడే వెళ్లుంటే తీసేసేవాళ్లట. బతికే రోగమేనట. నేను ఆపాను."

అక్క దుప్పటి అంచు కుట్టు చూసుకుంది.

"అప్పుడంటే ఎప్పుడు?"

"మొదటి రెండు మూడు నెలల్లో."

"అంటే నేను కూర్చున్నన్నాళ్లూ అది పెరుగుతూనే ఉంది."

"ఊఁ."

"ఇప్పుడు నాకెందుకు చెప్పావే?"

"దాచుకోలేకపోయానక్కా."

"దాచుకోవాల్సింది" అంది అక్క. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ సాయంత్రం అక్క దిండ్లకానుకుని కళ్లు మూసింది, వెంటనే తెరిచింది. మర్నాడూ అంతే. "మూయగానే నెలలు లెక్కపెడుతున్నాను" అంది బావతో. మూడో రోజు నుంచి కూర్చోబెట్టమని అడగలేదు. ఏడాది పాటు పక్కకు తప్పుకున్న నొప్పి ఆ వారంలో పూర్తిగా మంచమెక్కింది. మాత్రలు చాలక ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ఎన్నడూ పెద్దగా మాట్లాడని మనిషి దిండు కొరుక్కుని అరిచింది.

అదే వారం తువాళ్ల గదిలో నెమ్మదమ్మకు ధ్యానం కుదిరింది. డాక్టర్ ముఖం రాలేదు. గడియారం వినబడలేదు. లోపల ఎంత దిగినా అడుగు తగలని నిశ్శబ్దం. బయటికొచ్చి బడిపంతులమ్మ మెడ మీద చేతులు పెడితే, "ఇవాళ మీ చేతుల్లో ఏదో ఉందండీ" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండు వారాలకు సరిపడా పేర్లు ముందే రాసుకున్నానని రిసెప్షన్‌లో అమ్మాయి సంబరపడింది. నెమ్మదమ్మకు సంతోషం కలిగింది. సిగ్గూ కలిగింది. రెండూ కలిగినా ధ్యానం మాత్రం చెదరలేదు. అది ఎవరి సొమ్ము తిని పెరుగుతోందో దానికి పట్టదు.

ఆ ఆదివారం పొద్దున బావ డ్యూటీకి వెళ్తూ, "నాలుగింటి దాకా చూసుకో అమ్మా" అని అప్పజెప్పాడు. నర్సు ఇంజెక్షన్ చేసి వెళ్లింది. అక్కకు నిద్ర పట్టింది. కిటికీ కింద కుర్చీలో కూర్చుని, అక్క లేచే దాకే కదా అనుకుని నెమ్మదమ్మ కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి గోడ మీద ఉన్న ఎండ నేల మీదికి దిగి ఉంది. దుప్పటి సగం కింద పడి ఉంది. మంచం అంచు దాకా జరిగి, గ్లాసు అందక, అక్క చెయ్యి గాలిలో వేలాడుతోంది. కళ్లు ఈమె మీదే ఉన్నాయి.

"మంచినీళ్లు" అంది. గొంతు పూర్తిగా పోయింది. "ఎన్నిసార్లు పిలిచానో."

నెమ్మదమ్మ పరుగున లేచి, తల ఎత్తి పట్టుకుని గ్లాసు పెదవులకు ఆనించింది. రెండు గుక్కలు లోపలికి పోయాయి, మిగతావి మెడ మీదికి కారాయి. కొంగుతో తుడిచింది. అక్క ఆమె ముఖంలోకి చూసింది. ఆ ముఖం ఎంత తేటగా ఉందో చూసింది.

"బాగా కుదిరిందా?" అని అడిగింది.

లేదని చెప్పొచ్చు. కునుకు పట్టిందని చెప్పొచ్చు. కానీ నెమ్మదమ్మకు నిజం చెప్పడం అలవాటైపోయింది.

"కుదిరిందక్కా" అంది.

అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.