గుడ్డు ఉడకనివాళ్ళు

తెల్లారగానే తొకియె చేసే మొదటి పని పొయ్యిల మూతలు కడగడం. బెప్పు ఊళ్ళో, కన్నవా కొండవాలు మీద ఉన్న ప్రతి బసకీ పెరట్లో రాతిపొయ్యిలు ఉంటాయి. కట్టెలుండవు, గ్యాసుండదు. భూమిలోంచి వచ్చే ఆవిరే మంట. కొళాయి తిప్పితే బుస్సుమని లేస్తుంది. వెదురుబుట్టలో గుడ్లో దుంపలో పెట్టి మూతేస్తే చాలు. గుడ్డుకి పది నిమిషాలు, అన్నానికి ముప్పావుగంట. కీళ్ళనొప్పులనీ, నడుంనొప్పులనీ వచ్చి వారాల తరబడి ఉండేవాళ్ళు ఎవరి వంట వాళ్ళే చేసుకుంటారు. వేడినీళ్ళలో మునుగుతారు, పడుకుంటారు.

తొకియె బసలో వంటపంచ గోడకి ఓ కాగితం అంటించి ఉంది. అత్తగారు కుంచెతో రాసిన నియమాలు. స్నానాలగదిలో దీపం ఆర్పవలెను. పిల్లులకు చేప వేయరాదు. అలా పది. ఏడోది ఇదీ: గుడ్డు ఉడకనివారు ఓనరుకు చెప్పవలెను.

కన్నవా ఆవిరి తీరు అంతే. బతకాలని లేని మనిషి తన చేత్తో పెట్టుకున్నదాన్ని అది ఉడికించదు. పక్కబుట్టలో దుంప మెత్తబడిపోతుంది, వీళ్ళ బుట్టలో గుడ్డు పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఎందుకని ఎవరూ అడగరు. వానొస్తే గొడుగు తీసినట్టు, గుడ్డు ఉడకని మనిషి వస్తే ఓ కన్నేసి ఉంచుతారు.

ఆ ఏడు ఫిబ్రవరిలో చిజురు వచ్చింది. నలభై నాలుగేళ్ళుంటాయి. చేతిలో చిన్న సంచీ. కురె నుంచి వచ్చానంది. వారం ఉంటానంది. తొకియె చీటీ ఇస్తే కూర్చుని పొందిగ్గా రాసింది. పేరు, ఊరు, వయసు, నిన్న ఎక్కడ బస చేశారు, ఇక్కడినుంచి ఎక్కడికి. ఆఖరి గడి ఖాళీగా వదిలేసింది.

"ఇది రాయలేదండీ," అంది తొకియె.

"ఇంకా అనుకోలేదండీ."

"పర్లేదులెండి, వెళ్ళేరోజు రాద్దురు."

మర్నాడు పొద్దున్న చిజురు మూడు గుడ్లు పెట్టింది. పక్కపొయ్యి దగ్గర కుబొత ముసలాయన తన అన్నం గిన్నెకి కాపలా కాస్తున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. చేపలపడవల్లో ఇంజన్లు బాగుచేసి బాగుచేసి మోకాళ్ళు పోగొట్టుకున్నాడు. ఏటా చలికాలమంతా ఇక్కడే ఉంటాడు.

పది నిమిషాలయ్యాక చిజురు ఒక గుడ్డు తీసి అరుగు అంచుకి కొట్టింది. సొన వేళ్ళ మీంచి జారి కిందపడింది.

"గుడ్డు సిగ్గుపడుతున్నట్టుంది తల్లీ, కొత్తచోటు కదా," అని నవ్వాడు ముసలాయన. అలా నవ్వుతూనే ఆ గుడ్డు చూశాడు. పొగైనా లేదు, నీళ్ళలా ఉంది. నవ్వు ఆపేసి తన గిన్నె మూత సర్దుకున్నాడు.

"ఆవిరి సరిగ్గా రావట్లేదేమోనండీ," అంది చిజురు.

ముసలాయన బుట్టలోంచి పొగలు తన్నుకొస్తున్నాయి. తొకియె అటు చూసింది. "ఇంకాసేపు చూడండి," అంది.

ఇలాంటివాళ్ళు వస్తే ఏం చెయ్యాలో మా సందులో ఓ పద్ధతి ఉంది. ముఖం మీద ఏమీ అడగరు. ఊళ్ళో చూడాల్సినవి చెప్పి పంపుతారు. అందరికీ చెప్పే లెక్క వేరు, వీళ్ళకి చెప్పే లెక్క వేరు. తీగల మీద పెట్టె ఎక్కి వెళ్ళే కొండకి పంపకూడదు. ఓడరేవు పేరు ఎత్తకూడదు. ఇంకోటి, ఒట్టి చేతుల్తో పంపకూడదు. ఏదో ఒకటి తెమ్మని చెప్పాలి. ఎదుటివాళ్ళ వస్తువు చేతిలో ఉన్నంతసేపు మనిషి వెనక్కి రావాల్సిందే కదా అని తొకియె అత్తగారు అనేది.

"నెత్తురుమడుగు చూశారా? ఎర్రటి నీళ్ళు, కుతకుతా ఉడుకుతుంటాయి," అంది తొకియె ఆ రోజు. "ఎలాగూ వెళ్తారు గనక, అక్కడ ఎర్రమట్టి మందు అమ్ముతారు, ఒక డబ్బా తెచ్చిపెట్టండి. మా పెద్దాయన మడమలు చూడండి ఎలా పగిలాయో."

"నా మడమలకేం, దివ్యంగా ఉన్నాయి," అన్నాడు ముసలాయన. తొకియె ఓ చూపు చూసింది. "ఆఁ, అవునవును, నిన్న రాత్రంతా ఒకటే మంట," అన్నాడు.

చిజురు వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా మందు తెచ్చింది. రశీదు కూడా మడిచి ఇచ్చింది. ఎలా ఉందండీ అంటే "ఎర్రగా ఉందండీ" అంది. సాయంత్రం చిలగడదుంప పెట్టింది. గంటయినా రాయిలాగే ఉంది.

రెండోరోజు మ్యోబాన్ మెట్టమీదికి పంపింది, గడ్డిగుడిసెల్లో స్నానప్పొడి చేస్తారు, రెండు పొట్లాలు తెమ్మని. మూడోరోజు పాత స్నానశాలకి, వేడిఇసకలో మెడదాకా పూడ్చుకుని పడుకోమని. వచ్చేటప్పుడు బజార్లో తీపి బన్నులు తెమ్మంది. నాలుగోరోజు పొయ్యి దగ్గరి బుట్ట ఒకటి అడుగూడితే, దాన్నిచ్చి వెదురు పనాయన దగ్గరికి పంపింది. ఆయన చేతిలో పని చాలా ఉంది, వచ్చే గురువారం రమ్మన్నాడట.

చిజురు అన్నీ చేసింది. చెప్పినట్టు వెళ్ళింది, చెప్పినవి తెచ్చింది, చెప్పులు గుమ్మంలో వరసగా పెట్టింది. పొయ్యిలో మాత్రం ఏదీ ఉడకలేదు. కమలాపళ్ళూ, తోఫూ ముక్కా తిని ఊరుకుంటోంది. ఐదోరోజుకి మణికట్టు ఎముక పైకి తేలింది.

తొకియెకి నిద్ర పట్టట్లేదు. పద్ధతి తెలిసినా ఉపయోగం ఏముందని ఆవిడ బాధ. ఆ పద్ధతి అంతా తెలిసిన ఇంట్లోంచే కదా సెయిజి పోయింది.

సెయిజి ఆవిడ భర్త. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ పొయ్యిలో బుట్ట పెట్టినవాడు కాదు. మగాడు కదా, ఆయనకెందుకని తొకియే వండిపెట్టేది. ఆవిడ చేత్తో పెట్టింది కాబట్టి ఏ రోజూ గుడ్డు ఉడక్కుండా లేదు. ఆయన ఒలుచుకుని, ఉప్పు అద్దుకుని తినేవాడు, బావుందనేవాడు. మూడేళ్ళ కిందట మార్చిలో ఒక శనివారం అలా సముద్రం దాకా వెళ్ళొస్తానన్నాడు. రాలేదు. ఒక్కరోజు ఒంట్లో బాగోలేదని పడుకుని, నీ గుడ్డు నువ్వే పెట్టుకో అని ఉంటే తెలిసిపోయేది. ఆ ఒక్కమాట అనలేదు. వండిపెట్టడమే తప్పయిపోతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

అప్పట్నుంచీ బసకొచ్చినవాళ్ళు ఎంత బతిమాలినా వాళ్ళ చేత్తోనే పెట్టిస్తుంది. తను మాత్రం పొయ్యి జోలికి పోదు. మూతలు కడుగుతుంది, కొళాయిలు తిప్పుతుంది, కొట్లో బన్ను తెచ్చుకుని వంటపంచలో నిలబడి తింటుంది. కుబొత ముసలాయన మూడు చలికాలాలుగా చూస్తున్నాడు. ఒక్కసారి మాత్రం అన్నాడు, "ఓనరమ్మా, ఆ బన్నుకొట్టువాడు నీ పేరు చెప్పుకుని మేడ కట్టాడు" అని. ఆవిడ నవ్వలేదు. ఆయన ఇంక అనలేదు.

ఆరోరోజుకి పంపడానికి చోటు లేదు. పార్కుకి పంపుదామంటే పూలు లేవు. కోతులకొండకి పంపుదామంటే అది సముద్రం పక్కన. తొకియె వంటపంచలో గుడ్డతో తుడిచిందే తుడుస్తూ ఉంది. చిజురు వచ్చి నిలబడింది. చేతులు ముందు కట్టుకుని తలొంచింది.

"ఓనరు గారూ, ఒక మాట. నా గుడ్డు ఉడకట్లేదండీ."

తొకియె గుడ్డ పక్కన పెట్టింది.

"ఇవాళే చూశానండీ గోడమీద. ఏడోది. చెప్పమని రాసుంది. వచ్చినరోజు నుంచీ ఉడకట్లేదు. ముందే చెప్పాల్సింది, చూసుకోలేదు. క్షమించాలి."

అది దేనికో తెలిసి చెప్పిందా, తెలియక చెప్పిందా? తెలిసే చెప్పింది. ముఖం చూస్తే తెలుస్తోంది. వెదురు పనాయన చెప్పి ఉంటాడు, లేకపోతే బన్నులకొట్టు ఆవిడ. మా ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు.

నియమంలో చెప్పవలెనని ఉంది. చెప్పాక ఓనరు ఏం చెయ్యాలో అత్తగారు రాయలేదు.

"ఏం జరిగిందమ్మా?" అంది తొకియె. ఇన్నేళ్ళలో ఎవరినీ అలా అడగలేదు.

"ఏమీ జరగలేదండీ. అమ్మ పక్షవాతం వచ్చి పదకొండేళ్ళు మంచంలో ఉంది. నేనే చూసుకున్నాను. అన్నీ మెత్తగా మెదిపి పెట్టాలి. అక్టోబరులో పోయింది. తర్వాత ఒకరోజు వంటింట్లో నిలబడ్డాను. నాకు ఏం వండుకోవాలో తెలీలేదు. అంతే." చిజురు ఆ గుడ్డ తీసి మడతపెట్టింది. "వింటే నవ్వొచ్చేలా ఉంది కదండీ."

"నవ్వేం రాలేదు," అంది తొకియె.

ఆవిడ గూట్లోంచి ఒక గుడ్డు తీసింది. "నీదొకటి పట్రా," అంది. మీరు అనకపోవడం అదే మొదటిసారి. ఇద్దరూ చెరో గుడ్డు ఒకే బుట్టలో పెట్టారు. కొళాయి తిప్పారు. బల్లమీద పక్కపక్కన కూర్చున్నారు. పది నిమిషాలు కాచుకున్నారు. ఆవిరి రాతిగోడ మీంచి వాళ్ళ మోకాళ్ళ మీదికి వచ్చి తడి చేసి పోయింది.

తొకియె తన గుడ్డు ముందు కొట్టింది. పచ్చిది. పచ్చసొన చెక్కుచెదరకుండా గిన్నెలో గుండ్రంగా నిలబడింది. తెలుసు. మూడేళ్ళుగా తెలుసు. తెలిసినా, కళ్ళతో చూడగానే బల్ల అంచు పట్టుకుంది.

చిజురు తనది కొట్టి పక్కగిన్నెలో వేసింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

"మీకూనా," అంది చిజురు.

"నాకూ."

ఇంతలో కుబొత ముసలాయన ఈడ్చుకుంటూ వచ్చాడు. రెండు గిన్నెలూ చూశాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. తన పొయ్యి మూత తీసి అన్నం గిన్నె దించాడు. రెండు చిప్పల్లో పొగలుగక్కే అన్నం పెట్టి, వాళ్ళ పచ్చిగుడ్లు దానిమీద ఒంపేశాడు. సోయా రసం చుక్కలేశాడు.

"ఏం, పచ్చిగుడ్డు తినరా? రాజుగారింట్లో పుట్టారా? వేడన్నంలో కలుపుకు తినండి. నా చేత్తో వండిన అన్నం కాబట్టి భయం లేదు, నేను చచ్చేరకం కాదు. మోకాళ్ళు మాత్రమే చచ్చాయి."

చిన్నప్పట్నుంచీ ఇద్దరూ తిన్నదే. బడికి ఆలస్యమైనప్పుడు అమ్మ కలిపి ఇచ్చేదే. అన్నం వేడికి సొన అంచుల్లో కాస్త తెల్లబడింది. ఆవిరి ఉడికించలేదు, అన్నం కొంచెం ఉడికించింది. చిజురు చిప్ప పైకెత్తి మొత్తం తిన్నది. తొకియె తింటూ ఏడ్చింది, ఏడుస్తూ తిన్నది. "ఉప్పెక్కువైతే నన్నడక్కు ఓనరమ్మా," అన్నాడు ముసలాయన.

ఏడోరోజు చిజురు సంచీ సర్దుకుని గుమ్మంలోకి వచ్చింది. చెప్పులు బయటివైపు తిప్పి ఉన్నాయి. తొకియె చీటీ పట్టుకుని నిలబడింది. ఆఖరి గడి ఇంకా ఖాళీ.

"వెదురు బుట్ట గురువారం ఇస్తానన్నాడు కదా," అంది తొకియె. "ఇచ్చినమనిషి వస్తేనే ఇస్తాడాయన. నేను వెళ్తే ఇవ్వడు."

అబద్ధం. చిజురుకీ తెలుసు అబద్ధమని. చాలాసేపు చెప్పులు చూస్తూ నిలబడింది. తర్వాత సంచీ లోపల పెట్టింది.

గురువారం బుట్ట వచ్చింది. రోజూ ఇద్దరూ గుడ్లు పెట్టారు, రోజూ పచ్చిగానే తీశారు. ముసలాయన వండిన అన్నం మీద పోసుకుని తిన్నారు. వాళ్ళ ముఖాల్లోకి వెలుగొచ్చిందని ఎవరైనా అంటే అది ఉత్తమాట. చిజురు ఇంకా గోడవైపు తిరిగి పడుకునేది. తొకియె ఇంకా శనివారాలు గుమ్మం దగ్గరే కూర్చునేది. కాకపోతే పొద్దున్నే వంటపంచకి రావాల్సిన పని ఒకటి ఇద్దరికీ ఉంది.

నెలాఖరుకి ముసలాయన బయల్దేరాడు. వాళ్ళూరు సగనొసెకిలో సముద్రపునాచు ఎండబెట్టే రోజులు వచ్చాయి. ఏటా వెళ్ళేదే, ఆపితే ఆగేది కాదు. బియ్యం సంచీ, కొలిచే గ్లాసూ తొకియె చేతిలో పెట్టాడు.

"అన్నం ఎవరు వండుతారు మరి?" అంది తొకియె, చిన్నపిల్లలా.

"ఇద్దరున్నారుగా," అన్నాడు. బస్సు వచ్చింది. మోకాళ్ళని తిట్టుకుంటూ ఎక్కాడు.

మర్నాడు పొద్దున్న బియ్యం కడిగి గిన్నెలో పోశారు. గిన్నె అరుగుమీద ఉంది. ఎవరు పెట్టాలో తెలీక ఇద్దరూ దానివంక చూస్తూ నిలబడ్డారు. పొద్దెక్కుతోంది.

"అటు పట్టుకో," అంది తొకియె.

చెరోవైపు పట్టుకుని నాలుగు చేతుల్తో పొయ్యిలోకి దించారు. మూతేసి బల్లమీద కూర్చున్నారు. పది నిమిషాలు కాదు, ముప్పావుగంట. పక్కింటి పొయ్యిల్లోంచి దుంపల వాసన వస్తోంది. చిజురు రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చుంది.

మూత తీశారు. తొకియె చెంచాతో తీసి నోట్లో వేసుకుంది. చిజురుకి పెట్టింది. గిన్నె అంచు వెంబడి మెతుకు కొద్దిగా విచ్చుకుంది. నడుమంతా పలుకే. పంటికింద కటకటమంది.

ఉడికిందనడానికి లేదు. ఉడకలేదనడానికీ లేదు. తొకియె చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చిజురు ఆ పలుకన్నం నెమ్మదిగా నమిలి మింగింది.

"ఇంకో పది నిమిషాలు ఉంచుదామా?" అంది.

తొకియె మూతేసింది. చిజురు వంగి కొళాయి ఇంకాస్త తిప్పింది.