పదకొండో గడియారం

ఆ వీధిలో అందరూ అతన్ని సెకనుముల్లు అంటారు. గోడగడియారాలు అమ్ముతాడని సగం, ఒకచోట కుదురుగా నిలబడడని సగం. ఆ రోజైతే పొద్దున్నుంచీ కాలుకాలిన పిల్లిలా ముందుగదికీ వెనకగదికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. కుర్చీలో కూర్చుంటాడు, లేస్తాడు. టీ గ్లాసు ఎత్తుతాడు, తాగకుండా దించుతాడు. ఫోను తీసి చూస్తాడు. నిన్న వచ్చిన హెచ్చరిక అందులో అలాగే ఉంటుంది.

అతనికి బజార్లో కొట్టు లేదు. ఉన్నదల్లా ఒక ఆన్‌లైన్ సైటులో పేరుకి ఒక అంగడి. చట్రాలు, ముళ్ళు, మిషన్లు విడివిడిగా తెచ్చి వెనకగదిలో అతను బిగిస్తే భార్య ప్యాక్ చేస్తుంది. నెల తిరక్కుండా పది గడియారాలు ‘నడవడం లేదు’ అంటూ తిరిగొచ్చాయి. పదకొండోది కూడా లోపం కింద తేలితే అంగడి మూసేస్తామని సైటువాళ్ళు రాశారు. అది పోతే, ఈ వయసులో, ఏడో తరగతి చదువుతో, పిలిచి పనిచ్చేవాడు ఎవడూ లేడు. ఆ సంగతి అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

పదకొండోది మధ్యాహ్నం వచ్చింది.

“అన్నా, మళ్ళీ రిటర్నే,” అన్నాడు పార్సిలాయన గుమ్మంలో నిలబడి. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు, ఒకటే బట్టతల. “నాకే సిగ్గేస్తోంది. తీసుకెళ్ళేదీ నేనే, తెచ్చేదీ నేనే.”

“నీకేం, రెండువైపులా కూలీ.”

“ముందు సంతకం పెట్టు. తిట్లు తర్వాత తీరిగ్గా తిడుదువుగాని.”

కొన్నావిడ చెప్పిన కారణం పెట్టె మీద అంటించి ఉంది. ‘పరీక్షల గది కోసం కొన్నాను. గోడకి పెట్టాను, కదల్లేదు. పిల్లలు నవ్వారు.’

“పంతులమ్మట,” అన్నాడు భార్యతో. “పరీక్షలయ్యేదాకా వాడుకుని, అవసరం తీరాక వాపసు. లోపల మిషను కూడా మార్చేసి ఉంటుంది, చూడు.”

“మీరు చూశారా?”

“చూడక్కర్లేదు. ఇప్పటికి పదిమందిని చూశాను.”

“ఎక్కడ చూశారండీ? వచ్చిన పెట్టె వచ్చినట్టే అటక మీద పడేశారుగా.”

అదీ నిజమే. ఒకరు వాడి వదిలేసింది ఇంకొకరికి అంటగట్టనని అతని పట్టుదల. విప్పి చూడ్డం కూడా నామర్దా అనుకున్నాడు. కానీ ఈసారి అభిమానం కూడు పెట్టదు. కొన్నావిడ మోసం బయటపెట్టాలి. దానికి సైటువాళ్ళ పద్ధతి ఒకటుంది. పెట్టె సీలు తెంచడం మొదలు వస్తువు చూపించేదాకా అంతా ఒకే వీడియోలో ఉండాలి. మధ్యలో కోయకూడదు, శబ్దం తీసేయకూడదు. ఆ సాయంత్రం ఆరులోపు పంపాలి.

“ఫోను పట్టుకో. ఊపకు. మాట్లాడకు.”

“ఊపిరి తీసుకోవచ్చా?”

“మెల్లగా.”

సీలు తెంచాడు. గడియారాన్ని బోర్లించాడు. మిషను మూల మీద గుర్తుకని అతను పెట్టిన గోళ్ళరంగు చుక్క అలాగే ఉంది. మార్చలేదు. గీత కూడా పడలేదు. బ్యాటరీ మూత మీద అతనే అంటించిన చీటీ, ‘ఇది చింపితే వాపసు చెల్లదు’, చెక్కుచెదరలేదు. చింపి మూత తీశాడు. బ్యాటరీకీ రేకుకీ మధ్య, కంటికి ఆనకుండా, నీటిపొరలా ఒక ప్లాస్టిక్ ముక్క. లాగాడు.

టిక్కు, టిక్కుమంటూ ముల్లు కదిలింది.

“నేనారోజే మొత్తుకున్నాను,” అంది భార్య ఫోను వెనకనుంచి. “ఎర్రకాగితం మానొద్దండీ, జనానికి కనబడదు అని. విన్నారా?”

అతను ప్లాస్టిక్ ముక్కని వెలుతురుకేసి పట్టుకుని చూశాడు.

పార్సిలు టిక్కుమంటే రవాణావాళ్ళు భయపడి తీసుకోరు. అందుకని మొదట్నించీ బ్యాటరీ దగ్గర ఎర్రకాగితం అడ్డం పెట్టేవాళ్ళు. నాలుకలా బయటికి వేలాడేది. ఎవరైనా లాగేవాళ్ళు. పోయిన నెల అతనే, దండగ ఖర్చెందుకని, పనికిరాని ప్లాస్టిక్ కవర్లు కత్తిరించి పెట్టమన్నాడు. బ్యాటరీలు కొట్టేస్తారన్న అనుమానంతో మూతకి ఆ చీటీ అంటించిందీ అతనే. లాగాల్సింది కనబడదు, తెరుద్దామంటే చీటీ బెదిరిస్తుంది. కొన్నవాళ్ళు ఇంకేం చేస్తారు?

“ఆపు,” అన్నాడు.

“ఆపానండీ. కానీ నా మాట కూడా వీడియోలో పడిపోయింది.”

మళ్ళీ తీద్దామంటే సీలు తెగిపోయింది. కోసి పంపితే చెల్లదు. పంపకపోతే అంగడి ఉండదు. ముందుగది, వెనకగది, మళ్ళీ ముందుగది. అతను తిరుగుతున్నంతసేపూ బల్లమీద గడియారం నిక్షేపంగా నడుస్తూనే ఉంది, ఎగతాళి చేస్తున్నట్టు.

“వాళ్ళు వింటే?”

“వింటే ఏమవుతుంది? నేనేం అబద్ధమాడానా?”

ఆరుకి పది నిమిషాలుందనగా కళ్ళు మూసుకుని పంపేశాడు. చేతులు ఊరుకోలేదు. అటకెక్కి పది పెట్టెలూ దించాడు. ఒక్కొక్కటే విప్పి, ఒక్కొక్క పొరా లాగాడు. పదీ నడిచాయి. పది గడియారాల్లో పది రకాల టైములు. ఇన్నాళ్ళూ పదిమందినీ దొంగలన్న నోరు ఒక్కసారి ఎండిపోయింది. పొద్దున్న వదిలేసిన చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

ఆరున్నర కాకముందే జవాబు వచ్చింది. ‘వస్తువులో లోపం లేదు. మీ అభ్యర్థన ఆమోదించబడింది. కొన్నవారికి సొమ్ము వాపసు ఇవ్వబడదు. వస్తువును వారికి తిరిగి పంపగలరు.’

“విననేలేదు,” అన్నాడు. “మనిషన్నవాడు వింటే ఇలా రాయడు.”

“గెలిచారు కదా. ఇప్పుడైనా కూర్చోండి.”

కూర్చున్నాడు. లేచాడు. పెట్టె మీది ‘పిల్లలు నవ్వారు’ అన్న ముక్క మళ్ళీ చదివాడు. భార్య బల్ల సొరుగు లాగి ఎర్రకాగితం తీసి ముందుంచింది. జానెడు ముక్క కత్తిరించి బ్యాటరీ దగ్గర దూర్చి, నాలుక బయటికి వేలాడేశాడు. ముల్లు ఆగింది. బెదిరింపు చీటీ మళ్ళీ అంటించలేదు. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో, ‘ఎర్రకాగితం లాగండి, నడుస్తుంది’ అని రాసి పెట్టెలో పడేశాడు.

భార్య తీసి చదివింది. “ఇంతేనా?”

“ఇంకేం రాయాలి?”

ఆవిడ టేపు అంటించకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది. అతను వెనకగదిలోకి వెళ్ళాడు, పది గడియారాలూ కొట్టుకుంటున్న చోటికి. అక్కడ నిలవలేక వచ్చేశాడు. కాగితం లాక్కుని, నిలబడే, కింద ఇంకో వరుస గీకాడు.

‘తప్పు మాదే. నవ్విన పిల్లలకి కూడా చెప్పండి.’

ఆవిడ టేపు వేసింది.