ప్రభుదాస్ వంతు

రోజూ సాయంత్రం తను చదువు చెప్పే ప్రైవేటు బడి వదలగానే జ్యోత్స్న నేరుగా సూర్యాపేట బస్టాండు వెనక ఉప్పలయ్య నెట్ సెంటరుకు పోయేది. నెట్‌లో ఊరి తరఫున గో అనే రాళ్ల ఆట ఆడే ముగ్గురిలో ఆమె ఒకతె. గళ్ల మీద రాళ్లు పెట్టుకుంటూ జాగా చుట్టుకోవాలి, ఎక్కువ జాగా ఉన్నవాళ్లది గెలుపు. కోదాడవాళ్లను పోయినేడే ఓడగొట్టారు. ఇప్పుడు మిర్యాలగూడతో పడ్డారు. రోజుకు అటొక రాయి, ఇటొక రాయి. పందెం లేదు, పాడు లేదు, ఉత్త సరదా. ఎవరి వంతు వాళ్లు ఆడాలి, ఆట గురించి జోడీవాళ్లతో ఒక్క మాట అనొద్దు.

మొదటి వంతు ఆమె భర్త, లెక్కల సారు ప్రభుదాసుది. రెండోది జ్యోత్స్నది. మూడోది లెక్చరర్ మధుసూదన్‌ది.

ఆగస్టులో ప్రభుదాస్ లారీ కింద పడి చనిపోయాడు. మట్టి చేసిన మూడో రోజు అతని వంతు వచ్చింది. ఐదు కొట్టేసరికి నాలుగో నంబరు సిస్టం ముందు కుర్చీ కిర్రుమంది, మౌసు కదిలింది, రాయి పడింది. "సార్ వచ్చి పోయిండు," అంటూ ఉప్పలయ్య అక్కడి ఫ్యాను ఆపేశాడు. వంతు తప్పే మనిషా ఆయన!

అప్పట్నుంచి మూడ్రోజులకోసారే జ్యోత్స్నకు అన్నం సహించేది. ఆ కుర్చీ పక్కన స్టూలేసుకుని, కట్టుబాటు తప్పకుండా నోరు మూసుకుని కూచునేది.

జనవరికి ఆట నిండిపోయింది. సూర్యాపేటకు ముప్పై జాగాల దాకా మొగ్గు. మిర్యాలగూడ ధర్మేందర్ ఇక రాయి పెట్టేది లేదని పాస్ కొట్టాడు. ఇటునుంచి కూడా పాస్ కొడితే ఆట ఖతం. ఆ రోజు వంతు జ్యోత్స్నది. గెలుచుకున్న జాగాలోనే రాయి పెట్టి దాన్ని చేజేతులా పాడుచేసింది. మర్నాడు అటు మళ్లీ పాస్. మధుసూదన్ ఆమె ముఖం చూసి తనూ అట్లే పెట్టాడు. మూడో రోజు ప్రభుదాస్ కూడా! ఆయనకూ పోవాలని లేదని జ్యోత్స్న దారంతా సంతోషంతో ఏడ్చింది.

అట్లా రోజుకొక జాగా పోగొట్టుకుంటూ నెల దాటింది. మిర్యాలగూడవాళ్లు పాస్ కొడుతూ పోయారే తప్ప పల్లెత్తు మాట అనలేదు.

అంతలో డీఎస్సీ ఆర్డరు వచ్చింది. కోదాడ దగ్గరి చిలుకూరు సర్కారు బడి. శనివారంలోగా చేరాలి, లేకుంటే నౌకరీ పోతుంది.

"చేరుతున్నరా మేడం?" అన్నాడు ఉప్పలయ్య. ఆ సాయంత్రం వంతు ప్రభుదాసుది.

"చేర. గాడ చేరితే ఐదింటికి గీడికెట్ల వస్త? ఈ ఆట ఉన్నన్ని రోజులు నేను యాడికీ పోను."

"మూడుసార్లు రాస్తే వచ్చింది గద మేడం. సార్ దగ్గర కూసోబెట్టుకొని సదివిపించిండు."

"నాకొద్దు. ఆ నౌకరీ ఎవలకన్న ఇచ్చుకోన్రి."

కుర్చీ కిర్రుమంది. మౌసు బాణం గళ్లన్నీ దాటి తెర అడుగున పాస్ మీద ఆగింది. జ్యోత్స్న గబుక్కున రెండు చేతులతో మౌసు పట్టుకుంది.

"ఒద్దు. నీ కాల్మొక్త, ఒద్దు."

ఆమె అరచేతుల కిందే అది టిక్కుమంది. ఆట ముగిసింది. రెండు జాగాల తేడాతో మిర్యాలగూడ గెలిచింది.

"ఒక్క మాటన్న అడగవా నన్ను? గింత కఠినాత్ముడివా?" అని ఖాళీ కుర్చీని పట్టి ఊపింది. ఊపి ఊపి దాని మీదే కూలబడింది.

కాసేపటికి ధర్మేందర్ రాశాడు: "మంచిగ ఆడిన్రు. ఇంకో ఆట పెట్టుకుందామా? మీవాళ్ల పేర్లు వరుసగ పంపున్రి."

అప్పుడే వచ్చిన మధుసూదన్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. మొదటి పేరు దగ్గరే అతని చెయ్యి ఆగిపోయింది.

జ్యోత్స్న కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా పేరు గూడ రాయకున్రి సార్. శనివారం నేను చిలుకూరుల చేరాలె."