ఎదుటి చాప

సవాయి దీవికి వచ్చే తెల్లవాళ్ళకు సెలవంటే పెద్ద చాకిరీ. ప్రతివాడి చేతిలోనూ ఒక కాగితం ఉంటుంది. ఎనిమిదింటికి లావా గుహ, ఎనిమిదీ నలభైకి జలపాతం, తొమ్మిదిన్నరకు ఊరివాళ్ళతో మాటామంతీ, తొమ్మిదీ యాభైకి ప్రశాంతత. ఆ ప్రశాంతతకు పది నిమిషాలు ఆలస్యమైతే మొగుడూ పెళ్ళాం నడిరోడ్డు మీద కొట్టుకు చస్తారు. ఊరి మహిళా సంఘానికి ఒడ్డున నాలుగు పాకలున్నాయి, ఇలాంటివాళ్ళకు అద్దెకివ్వడానికి. సంఘం పెద్ద ఫువాతినో ఏడేళ్ళుగా ఆ పాకలు ఊడుస్తూ, వాళ్ళు పారేసిన కాగితాలు చదువుతూ, చివరికి తనూ ఆ జబ్బు తగిలించుకుంది.

"మనమూ పోదాం," అంది ఒకరోజు సంఘం కూర్చున్నప్పుడు. "పక్కనున్న ఉపోలు దీవిలో, దక్షిణపు ఒడ్డున పెద్ద హోటలుంది. రెండు రోజులు. మన పక్క ఇంకెవరో దులుపుతారు. మనం ఊరికే కూర్చుంటాం."

"ఊరికే అంటే?" అంది ఒక ముసలమ్మ అనుమానంగా.

"ఊరికే అంటే ఊరికేనే పెద్దమ్మా. అందుకే అంత దూరం పోయేది."

పన్నెండుమందీ సరేనన్నారు. ఫువాతినో ఆ సాయంత్రమే కాగితం రాసేసింది. నాలుగింటికి చేరడం, నాలుగుంబావుకు స్వాగతం, నాలుగున్నరకు ఈత.

ఆమె మొగుడు లఫాయెలె ఆ కాగితం చదివి పక్కన పడేశాడు. అతను ఊరి వక్త. ముప్పై ఏళ్ళుగా ఊరి నోరు అతనిదే. పెళ్ళికైనా చావుకైనా గుడి కప్పు వేయడానికైనా, పొరుగూరి వక్తలతో మాటకు మాట నిలిపి ఒక్కసారీ ఓడలేదు. ఆ సంగతి అతను రోజుకు రెండుసార్లయినా గుర్తుచేస్తాడు.

"పన్నెండుమంది కలిసి ఊరు దాటితే దాన్ని మలాగ అంటారు," అన్నాడు. "మలాగ అంటే వక్త ఉండాలి. ఇవ్వడానికి మెత్తటి చాపలుండాలి. పంది ఉండాలి."

"ఏమయ్యా, అది హోటలు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, పందినేం చేసుకుంటామక్కడ?"

"వాళ్ళేం రాశారో మళ్ళీ చదువు."

ఫువాతినో ఫోను తీసి చదివింది. "మా ఇల్లే మీ ఇల్లు. మా కుటుంబమంతా చేతులు చాచి మీకోసం ఎదురుచూస్తోంది."

"విన్నావా! కుటుంబమంతా వాకిట్లో నిలబడి ఎదురుచూస్తుంటే చేతులూపుకుంటూ పోతామా? సిగ్గుండక్కర్లా?"

అతని బెంగ వేరే ఉంది. ఏ ఊరికైనా పొగడ్తపేర్ల వరుస ఒకటుంటుంది. వచ్చిన వక్త అవన్నీ తప్పకుండా, ఏ పేరు తర్వాత ఏ పేరో ఆ వరుసలోనే చెప్పాలి. ఒక్కటి మరిచినా మళ్ళీ ఆ ఊళ్ళో తలెత్తుకోలేడు. హోటలు వంశం పొగడ్తలు ఎవర్నడిగినా తెలీదన్నారు. చివరికి హోటలువాళ్ళ రంగుల పుస్తకం సంపాదించి బట్టీపట్టాడు. నాలుగు నక్షత్రాలవారు, మూడు ఈతకొలనులవారు, ఉదయపు ఉపాహారం ఉచితమైనవారు. వినడానికి బాగానే ఉన్నాయి. కాస్త కొత్త వంశం కాబోలనుకున్నాడు.

చెప్పిన రోజున పడవ దిగి, బస్సెక్కి, నాలుగింటికి హోటలు చేరారు. కొబ్బరాకు బుట్టలో పొద్దున కాల్చిన పంది. ఆడవాళ్ళ చంకల్లో చాపలు. ముందు హాల్లో నున్నటి రాతినేల మీద రెండు వరుసల చాపలు పరిచారు. ఒక వరుసలో తాము బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎదుటి వరుస ఇంటివాళ్ళకు వదిలారు. లఫాయెలె చొక్కా విప్పి, వక్త గుర్తుగా వింజామర భుజాన వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

పూల చొక్కా వేసుకున్న పిల్ల పరుగున వచ్చింది. పేరు సియెని. ముసలాళ్ళ ముందు నడుం వంచి, చిన్నగొంతుతో అడిగింది. "పెద్దలు మన్నించాలి. గది తాళాలు కావాలా?"

"ముందు మీ పెద్దల్ని పిలువమ్మా," అన్నాడు లఫాయెలె.

పెద్దల బదులు చల్లటి పానీయాలొచ్చాయి, ఒక్కొక్కదానిలో ఒక కాగితపు గొడుగుతో. ఇది వీళ్ళ ఆవా, అంటే స్వాగతానికి పోసే పానీయం, కాబోలనుకుని, లఫాయెలె ఆచారం ప్రకారం రెండు చుక్కలు నేలన ఒలికించి తాగాడు. ఒకడు వచ్చి ఆ చుక్కలు తుడిచి, 'జారుతుంది జాగ్రత్త' అని పసుపుపచ్చ పలక నిలబెట్టి పోయాడు.

అయిదు కొట్టింది. ఎదుటి చాప ఖాళీగానే ఉంది.

మొదటిమాట ఇంటివాళ్ళది. అది రానిదే వచ్చినవాడు నోరు తెరవకూడదు. తెరిస్తే విస్తరి వేయకముందే అన్నం అడిగినవాడవుతాడు. ముప్పై ఏళ్ళ నోరు మూసుకుని కూర్చున్నాడు లఫాయెలె. పొద్దు గూకేలోగా స్వాగతం అందకపోతే చాపలు చుట్టుకుని తిరిగి పోవాల్సిందే. పోతే ఇంకేముంది? తెల్లారేసరికి సవాయి అంతా గుప్పుమంటుంది. లఫాయెలె మలాగను గుమ్మంలోంచే పంపేశారట! అతనికి తల కొట్టేసినట్టుంది.

"ఈత టైము దాటిపోయింది," అంది ఫువాతినో నెమ్మదిగా.

"ఈతా? ఇక్కడ పరువు మునిగిపోతోంది!"

చుట్టూ తడిబట్టల తెల్లవాళ్ళు మూగారు. ఫోటోలు తీశారు. ఒకావిడ ముసలమ్మ పక్కన చతికిలబడి రెండు వేళ్ళు చూపిస్తూ నవ్వింది. ఒక లావుపాటాయన జాలిపడి లఫాయెలె మోకాలి దగ్గర ఒక నోటు పెట్టాడు. వక్తకు కానుక ముట్టేది మాట్లాడాక. మాట్లాడకముందే పెట్టడమంటే, నువ్వు మాట్లాడకపోయినా ఫరవాలేదనడమే. లఫాయెలె కళ్ళు చెమ్మగిల్లాయి. గోడకేసి తిరిగి తుడుచుకున్నాడు.

బయట చెట్లు కత్తిరిస్తున్న తోటమాలి సోలొమోనా అద్దంలోంచి ఇదంతా చాలాసేపటినుంచీ చూస్తున్నాడు. ఆరు కొట్టగానే కత్తెర కింద పెట్టాడు. హోటలు పేరున్న చొక్కా విప్పి కొమ్మకు తగిలించాడు. హోటల్లో పనిచేస్తున్న పదకొండేళ్ళలో మొదటిసారి ముందు వాకిలి గుండా లోపలికొచ్చి, ఎదుటి చాప మీద ఒక్కడూ కూర్చున్నాడు.

హోటలున్నది అతని ఊరు కౌలుకిచ్చిన నేల మీద. ఆ ఊరి వక్త అతనే.

మొదలుపెట్టాడు. దారిలో అలసిన కాళ్ళను పలకరించాడు. పడవను మోసిన అలను మెచ్చుకున్నాడు. రెండో ఈతకొలను కింద పూడిపోయిన ఊటను పేరుపెట్టి పిలిచాడు. గది తాళాలిచ్చే బల్ల ఉన్నచోట ఒకప్పుడు ఎవరి ఇల్లుండేదో, ఆ ఇంటి కోడలు సవాయిలో ఏ ఊరినుంచి వచ్చిందో చెప్పాడు. ఆ ఊరు లఫాయెలెదే. ఆడవాళ్ళు అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. లఫాయెలె నాలుగు నక్షత్రాలనూ ఉచిత ఉపాహారాన్నీ మనసులోనే చెరిపేసి, ఆ ఊట పేరుతోనే జవాబెత్తుకున్నాడు. బాగానే చెప్పాడు. కానీ సోలొమోనా చెప్పినంత బాగా చెప్పలేదు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలిసింది. ఓడిపోయాడు. ఒళ్ళు మండింది, మహా సంతోషంగానూ ఉంది.

చాపలూ పందీ ఇంటివాళ్ళ ముందు పెట్టారు. ఇక అతిథులకు అన్నం పెట్టడం ఇంటివాళ్ళ వంతు. సోలొమోనా వంటింటి వైపు ఒక్కసారి చూశాడు. వంటవాళ్ళందరూ అతని అక్కచెల్లెళ్ళ పిల్లలే. తెల్లవాళ్ళ కోసం వరుసగా పేర్చిన ఆ రాత్రి భోజనం, పళ్ళేలకు పళ్ళేలు కదిలొచ్చి చాపల ముందు వాలింది. ఖాళీ కంచాలతో వరుసలో నిలబడ్డ తెల్లవాళ్ళు, ఇదీ చూడదగ్గ వింతల్లో ఒకటనుకుని ఫోటో తీసుకున్నారు.

అప్పుడొచ్చాడు మేనేజరు గ్రాహం, న్యూజిలాండు మనిషి, ముఖం కందగడ్డలా చేసుకుని.

"ఏంటిది? ఎవరు పెట్టమన్నారు?"

"మా మావయ్య, సార్," అంది సియెని.

"తోటమాలా?"

"ఆరింటిదాకా తోటమాలి, సార్. ఇప్పుడు ఆరున్నరైంది. మీరు ముందు కూర్చోండి, పెద్దలు కూర్చుంటే నిలబడి మాట్లాడకూడదు."

"నేను కూర్చోడానికి రాలేదు!"

"అందరూ చూస్తున్నారు, సార్."

నిజమే, నలభై ఫోన్లు అతనివైపే తిరిగి ఉన్నాయి. గ్రాహం ఒక నవ్వు తగిలించుకుని, మోకాళ్ళు పటపటమంటుండగా, అతిథుల వరుస చివర చోటుంటే అక్కడ చతికిలబడ్డాడు.

అతిథుల వరుసలో కొత్తమనిషి కూర్చున్నాడు. సోలొమోనాకు ఇంకో దారి లేదు. గ్రాహం వైపు తిరిగి, తల వంచి, అంతే మర్యాదగా అతనికీ స్వాగతం పలికాడు. పదకొండేళ్ళ కిందట సముద్రం దాటొచ్చిన కాళ్ళను పలకరించాడు. పలకరించి, జవాబు కోసం ఆగాడు.

గ్రాహం అటూ ఇటూ చూశాడు. అతని తరఫున మాట్లాడటానికి ఎవరూ లేరు.

అందరి ముందూ అలా కూర్చోవడం ఎలా ఉంటుందో, ఇందాక రెండు గంటలు కూర్చున్న లఫాయెలెకు తెలుసు. పగవాడికైనా వద్దనిపించింది. దాంతోపాటు, ఉన్నమాట చెప్పుకోవాలి, సోలొమోనాతో ఇంకో పట్టు పట్టడానికి ఇంతకంటే అదను దొరకదని కూడా అనిపించింది. జరిగి జరిగి గ్రాహం పక్కకు చేరి, వింజామర భుజాన వేసుకుని, అతని తరఫున జవాబెత్తుకున్నాడు. ఈసారి గొంతు పలికినట్టు ముప్పై ఏళ్ళలో ఎన్నడూ పలకలేదు. సోలొమోనా కళ్ళు మూసుకుని తలాడించాడు.

"ఏమంటున్నాడు?" అని గ్రాహం సియెని చెవిలో గుసగుసలాడాడు.

"చాప తేకుండా వచ్చాను, పదకొండేళ్ళుగా పలకరించలేదు, చిన్నవాణ్ణి మన్నించమని మీ తరఫున అడుగుతున్నారు, సార్."

"నేనా? నేనెక్కడికొచ్చాను?"

"మా ఇంటికి, సార్."